డీలా పడటం అంటే ఏంటి?

పోయిన ఎపిసోడ్ చివర్లో చదివిన శ్రోతల ప్రశ్నల్లో ఒకటి మీకు గుర్తుండే ఉంటుంది. లీడ్స్ నుంచి ఒకామె రాశారు. వాళ్ళ బాబుని స్కూల్లో టీచరు మాటిమాటికీ "డోంట్ స్లౌచ్" అంటుందట. అదే మాట ఇంట్లో తెలుగులో చెప్పాలంటే ఏమనాలి అని అడిగారు. నేను దానికి జవాబుగా ఒక వాయిస్ మెసేజ్ పంపాను. అది పెరిగి పెరిగి ఏడు నిమిషాలైంది. "అన్నా, ఇది ఎపిసోడ్‌లో పట్టదు, బ్లాగ్‌కి రాసి ఇవ్వండి" అన్నారు మనవాళ్ళు. అందుకని ఇది.

ముందే చెప్తున్నా, నేను భాష చదువుకున్నోణ్ణి కాదు. మాది జగిత్యాల దిక్కు పల్లె. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసి, హైదరాబాద్‌లో కొన్నాళ్ళు, షార్జాలో తొమ్మిదేళ్ళు పనిచేసి, ఇప్పుడు బేసింగ్‌స్టోక్‌లో సైట్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. గోడలు, పునాదులు, కాంక్రీటు నాకు తెలుసు. మాటల మీద ఇష్టం తర్వాత వచ్చింది, అదీ సైట్లలో నలుగురు నాలుగు భాషలు మాట్లాడుతుంటే వినీ వినీ.

ఆమె ప్రశ్నకు సూటి జవాబు "జారగిలబడకు". కొన్ని ఊళ్ళలో జేరగిలబడు, చేరగిలబడు అంటారు. గోడకో కుర్చీ వీపుకో ఆనుకుని ఒళ్ళు కిందికి జారేసి కూర్చోవడం. పిల్లల్ని కసరడానికి ఇది సరిపోతుంది. కానీ అసలు సంగతి అక్కడితో అయిపోలేదు. ఎందుకంటే ఒళ్ళు వాలిపోవడానికి తెలుగులో ఒక్క మాట లేదు, పది ఉన్నాయి. ఆ పదింట్లో ఎక్కువ భాగం నేను రోజూ సైట్లో వాడేవే.

చూడండి. వాలు. మనిషి మంచం మీద వాలతాడు, అలిసిపోతే కాసేపు నడుం వాలుస్తాడు. పైకప్పుకు నీళ్ళు పోవడానికి పెట్టేదీ వాలే. ఒరుగు. నిద్రలో తల పక్కవాడి భుజం మీదికి ఒరుగుతుంది, పునాది ఒకవైపు దిగితే గోడ ఒరుగుతుంది. కూలు. గోడ కూలుతుంది, చెడు కబురు విన్న మనిషి ఉన్నచోటే కూలబడతాడు. కుంగు. ఇది నిలువునా దిగడం. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ దగ్గర వారం రోజులు పేపర్లన్నీ రాసిన మాట ఇదే, పియర్లు కుంగాయని. అదే పేపర్ల ఆరోగ్యం పేజీలో డిప్రెషన్‌కి వాడే మాట "కుంగుబాటు". బ్యారేజీకీ మనసుకీ ఒకటే క్రియ. బరువు పైనుంచి వస్తోంది, కింద ఆధారం చాలట్లేదు అని ఆ మాటలోనే ఉంది. సైట్ మనిషిగా నాకు ఈ మాటంటే గౌరవం. ఏం జరిగిందో కొలిచినట్టు చెప్తుంది.

ఇంగ్లీషులో దీనికి దగ్గరగా వచ్చేది స్లౌచ్ కాదు, స్లంప్. బురదలో దిగబడటం అనే అర్థంతో పదిహేడో శతాబ్దంలో కనిపించే మాట అది. తర్వాత మార్కెట్ ధరలకూ కుర్చీలో కూలబడ్డ మనిషికీ వచ్చింది. మా పనిలో ఉన్నోళ్ళకి స్లంప్ అంటే స్లంప్ టెస్టు. కింద 200 మిల్లీమీటర్లు, పైన 100 మిల్లీమీటర్లు వెడల్పు, 300 ఎత్తు ఉన్న ఇనుప కోన్‌లో పచ్చి కాంక్రీటును మూడు పొరలుగా నింపి, ఒక్కో పొరను కడ్డీతో 25 పోట్లు పొడిచి, కోన్‌ని మెల్లగా పైకి లేపుతాం. లోపలి కాంక్రీటు ఎంత దిగిందో కొలుస్తాం. అన్ని వైపులా సమంగా దిగితే మంచి స్లంప్, ఒక పక్కకి జారితే షియర్, మొత్తం పరుచుకుపోతే కొలాప్స్. వాలిన దాన్ని తిట్టకుండా, ఎంత వాలింది, ఏ తీరున వాలింది, నీళ్ళు ఎక్కువయ్యాయా అని చూసే పరీక్ష అది. సరే, ఇది పక్కదారి. మాట దగ్గరికి వస్తా.

ఈ పదింట్లో ఒక్కటి మాత్రం గోడకీ పునాదికీ వాడం. అది డీలా. "ఏంరా, డీలా పడ్డవ్?" "మూడో వికెట్ పడేసరికి టీమంతా డీలా." "ఫలితాలు చూసి మార్కెట్లు డీలా." ఈ మాట వినగానే కళ్ళ ముందు ఒక ఆకారం కనబడుతుంది. భుజాలు కిందికి, మెడ ముందుకి, చేతులు వేలాడుతూ. మనసు సంగతి చెప్తున్నాం అనుకుంటాం గానీ ముందు కనబడేది ఒళ్ళే.

దీని పుట్టుక నాకు పుస్తకంలో దొరకలేదు, షార్జాలో దొరికింది. అక్కడ మా గ్యాంగ్‌లో బిహార్ వాళ్ళు, యూపీ వాళ్ళు ఎక్కువ. స్కాఫోల్డ్ క్లాంప్ బిగించలేదంటే "ఢీలా హై" అని అరిచేవాళ్ళు. తాడు ఢీలా, బోల్టు ఢీలా, బెల్టు ఢీలా. మొదట్లో నాకు నవ్వొచ్చేది, బోల్టు డీలా పడటమేంది, దానికేం బాధ అని. తర్వాత అర్థమైంది. హిందీ, ఉర్దూల్లో ఢీలా అంటే వదులు, అంతే. మనిషితో పని లేదు. హైదరాబాద్‌లో పతంగులు ఎగరేసినోళ్ళకి ఇంకో రూపం తెలిసే ఉంటుంది. మాంజా వదలమనడానికి "ఢీల్", లాగమనడానికి "ఖీంచ్". బుర్ర సరిగ్గా లేనోణ్ణి "స్క్రూ ఢీలా" అనేదీ ఆ కుటుంబమే.

మరి తెలుగులోకి వచ్చేసరికి వస్తువును వదిలి మనిషినే ఎందుకు పట్టుకుంది? నాకు తోచింది ఇది. వస్తువుకి మనకి "వదులు" అని ఓ మంచి మాట ముందే ఉంది. చొక్కా వదులు, ముడి వదులు, పట్టు వదులు. వచ్చిన కొత్త మాటకి అక్కడ చోటు లేదు. అందుకని ఖాళీగా ఉన్న చోటికి పోయింది. మనిషిలో ఏదో ముడి వదులైతే ఒళ్ళు ఎట్లా అవుతుందో చెప్పడానికి కుదురుకుంది. వత్తు పోయింది, ఢీలా కాస్తా డీలా అయింది.

ఇంకోటి గమనించండి. తెలుగులో అది ఒంటరిగా క్రియ కాదు, "పడు" కావాలి. భయపడు, సిగ్గుపడు, జబ్బుపడు, డీలాపడు. ఈ పడు వచ్చిందంటే ఆ మనిషి కావాలని చేసింది కాదు, వాడికి జరిగింది అని. "జారగిలబడు"లోనూ ఉంది కదా అంటారు, నిజమే. కానీ కాదనే రూపంలో పెట్టి చూడండి, తేడా తెలుస్తుంది. "జారగిలబడకు" అంటే తిట్టు. "డీలా పడకు" అంటే ఓదార్పు. లీడ్స్ అమ్మ తన బాబుకి మొదటిది చెప్పొచ్చు. పరీక్ష పోయిందని వాడు అట్లా కూర్చుంటే మాత్రం రెండోదే చెప్పాలి. కూర్చున్న తీరు రెండుసార్లూ ఒకటే.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే అసలు తమాషా ఉంది. హిందీ నిఘంటువులు ఢీలాను సంస్కృత "శిథిల" నుంచి, మధ్యలో ప్రాకృతం మీదుగా వచ్చిందని చెప్తాయి. సంస్కృతంలో శిథిలం అంటే కూడా మొదటి అర్థం వదులైనదే. పాడుపడినది అని కాదు. ముడి, కట్టు, పట్టు సడలినది. పతంజలి యోగసూత్రాల్లో ఆసనం గురించి చెప్పేచోట కూడా ఈ మాట కనబడుతుంది. బిగబట్టి కూర్చోవడం కాదు, ప్రయత్నాన్ని సడలించడం వల్ల ఆసనం కుదురుతుంది అంటాడు. ఆ సడలింపుకి ఆయన వాడింది శైథిల్యం. వెన్ను నిటారుగా ఉంచే విద్యలోనే వదులు అనే మాట మంచి అర్థంలో ఉందన్నమాట.

మన తెలుగుకి ఆ శిథిలం కూడా నేరుగా వచ్చింది. కానీ ఎక్కడికి? కట్టడాలకి. వానాకాలం ముందు మున్సిపాలిటీ వాళ్ళు పాత బిల్డింగుల మీద నోటీసు అంటిస్తారు, "ఈ భవనం శిథిలావస్థలో ఉన్నది" అని. కాకతీయుల కోటలో చూసేవి శిథిలాలు. అంటే ఒకే మాట రెండు దారుల్లో మన ఇంటికొచ్చింది. సంస్కృతం దారిలో వచ్చింది గోడకి అంటుకుంది, ప్రాకృతం, హిందీ దారిలో వచ్చింది మనిషికి అంటుకుంది. భవనం శిథిలమైతే మనిషి డీలా. ఈ సంగతి తెలిసిన రోజు నేను మధ్యాహ్నం భోజనం మానేసి ఫోన్లో నిఘంటువులు తిరగేశాను. సైట్లో నా కింద పనిచేసే పోలండ్ వాళ్ళకి కూడా చెప్పబోయాను, వాళ్ళు దయతో విన్నారు.

ఢిల్లీ కథ కూడా ఇక్కడే చెప్పేస్తా. మెహ్రౌలీలో కుతుబ్ మీనార్ పక్కన ఇనుప స్తంభం ఉంది కదా. దాదాపు 1600 ఏళ్ళ నాటిది, ఆరు టన్నులకు పైగా బరువు, ఏడు మీటర్ల పైచిలుకు పొడవు, తుప్పు పట్టలేదని అందరూ చెప్పుకునేది. దాని గురించి ఒక పాత కథ ఉంది. పృథ్వీరాజ్ రాసోలో కూడా వస్తుంది. ఆ స్తంభం భూమిలోకి దిగి శేషుడి పడగ మీద నిలబడిందని పండితుడు చెప్తే తోమర్ రాజు నమ్మలేదు. తవ్వించాడు. అడుగున నెత్తురు కనబడింది. భయపడి మళ్ళీ పాతించాడు గానీ అది మునుపటిలా బిగుసుకోలేదు. ఆ కీల ఢీలా అయిపోయింది కాబట్టి ఊరు ఢిల్లీ అయింది, రాజు వంశమూ నిలవలేదు. ఊరి పేరుకి ఇది అసలు కారణం అని చరిత్రకారులు ఒప్పుకోరు, అది జనం అల్లుకున్న వ్యుత్పత్తి. కానీ హిందీవాళ్ళు ఇప్పుడు దిల్లీ అంటుంటే, మనం వత్తు డ పెట్టి ఢిల్లీ అని రాస్తాం. కొన్ని పేపర్లు ఈమధ్య దిల్లీకి మారాయి గానీ మా ఊళ్ళో ఇంకా ఢిల్లీయే. డీలాలో పోగొట్టుకున్న వత్తుని మనం ఆ ఊరి పేరులో దాచుకున్నాం అనుకుంటా నేను.

కథ సంగతి అటుంచితే, 1871లో పురావస్తు శాఖ వాళ్ళు తవ్వి చూశారు. స్తంభం భూమిలో ఉన్నది సుమారు ఒక మీటరే. శేషుడు లేడు. అడుగున ఉబ్బుగా చేసి, ఇనుప కడ్డీలతో, సీసంతో రాళ్ళలో బిగించారు. ఢీలా అని శతాబ్దాలు చెప్పుకున్న స్తంభం ఢీలాగా లేనేలేదు.

డీలాకి తోడు ఇంకో మాట ఉంది, సుస్తీ. "రెండ్రోజుల్నుంచి సుస్తీగా ఉంది" అంటే తెలుగులో ఒంట్లో బాగాలేదని. మా అమ్మ ఇప్పటికీ ఫోన్లో మొదట అడిగేది "సుస్తిగిట్ల లేదు గదా బిడ్డా" అనే. షార్జాలో మా హైదరాబాదీ ఫోర్‌మన్ సుస్తీ అన్నప్పుడు మాత్రం అది తిట్టు. ఉర్దూలో సుస్తీ అంటే బద్ధకం. ఫారసీ "సుస్త్" అంటే సడలినది, బలం లేనిది. మళ్ళీ అదే వదులు! ఒకే మాట ఉర్దూలో తప్పుగా, తెలుగులో జబ్బుగా. ఆ ఫోర్‌మన్‌తో మొదటివారం మా శ్రీకాకుళం పిల్లోడు ఒకడు "సుస్తీ హై సాబ్" అని సెలవడిగాడు. జ్వరంగా ఉంది అని చెప్పాననుకున్నాడు వాడు. బద్ధకంగా ఉంది సెలవివ్వండి అని విన్నాడు ఆయన. నేను మధ్యలో పడి సర్దాల్సి వచ్చింది.

అంటే తెలుగువాళ్ళం దయగలోళ్ళమని కాదు. తిట్టడానికి మన దగ్గర సరుకు తక్కువేం లేదు. సోమరి, బద్ధకిష్టి, ఒళ్ళు బరువెక్కినోడు. కానీ ఆ తిట్లలో ఒళ్ళు ఎట్లా ఉంటుందో చూడండి. "నడుం వంచడు." "ఒళ్ళు వంగదు." మనకి సోమరి నిటారుగా నిలబడే మనిషి! వరినాటు, కలుపు, కోత, ఇటుకలు మోయడం, అన్నీ వంగి చేసేవే కాబట్టి వంగిన ఒళ్ళే పనిచేసే ఒళ్ళు. నేనున్న ఈ దేశంలో సంగతి సరిగ్గా తిరగబడి ఉంటుంది.

స్లౌచ్ అనే ఇంగ్లీషు మాట పదహారో శతాబ్దం మొదట్లో కనబడినప్పుడు దానర్థం కూర్చునే తీరు కాదు. మొద్దు మనిషి, సోమరిపోతు. నార్వే, డెన్మార్క్ వైపు భాషల నుంచి వచ్చి ఉండొచ్చంటారు. అట్లాంటి మనిషి తల వేలాడేసి నడిచే తీరుకి ఆ పేరు రావడానికి ఇంకో రెండు వందల ఏళ్ళు పట్టింది. ముందు మనిషిని తిట్టారు, తర్వాత ఆ తిట్టునే ఒంటికి తగిలించారు. ఒకడు ఘటికుడని చెప్పడానికి ఇప్పటికీ "నో స్లౌచ్" అంటారు ఇంగ్లీషులో. డీలా వచ్చిన దారి దీనికి ఎదురు దారి. ముందు తాడు, తర్వాత మనిషి.

నిటారు వీపు మీద ఇంగ్లీషువాళ్ళ పట్టింపు ఎట్లాంటిదో తెలియాలంటే బేసింగ్‌స్టోక్ దాటి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. జేన్ ఆస్టిన్ 1775లో పుట్టిన స్టీవెన్‌టన్ మాకు పక్కనే. మార్కెట్ ప్లేస్‌లో విల్లిస్ మ్యూజియం ముందు ఆమె విగ్రహం ఉంది, 2017లో పెట్టారు. శనివారం కూరగాయలకి పోతే కనబడుతుంది. ఆమె మేనల్లుడు జేమ్స్ ఎడ్వర్డ్ ఆస్టిన్-లీ, ఆమె జీవితం గురించి ఒక పుస్తకం రాశాడు. 1869 చివర్లో వచ్చింది. అందులో తన మేనత్త కాలంలో ఇళ్ళు ఎట్లా ఉండేవో చెప్తాడు. ఇంటికి ఒక్క సోఫా ఉంటే ఎక్కువట. మెత్తటి పడక కుర్చీల్లాంటివి లేవట. వెనక్కి ఆనుకోవడం ముసలివాళ్ళకీ జబ్బుపడ్డవాళ్ళకీ మాత్రమే ఇచ్చిన సౌకర్యమట. మూడో జార్జి రాజు స్నేహితుడైన ఒక పెద్దమనిషి యూరప్ అంతా బండిలో తిరిగినా వీపు బండికి ఆనించకుండా వస్తాడని చెప్పుకునేవాళ్ళట. గుర్రపు బండిలో, ఆ రోడ్ల మీద! నేను ఆ పెద్దమనిషి గురించి చదివి మెచ్చుకోలేదు. పొలంలో వంగే పని వేరేవాళ్ళు చేస్తుంటేనే వీపు అంత నిటారుగా ఉంచుకోగలరు.

ఈ ఆస్టిన్-లీ పుట్టింది 1798 నవంబరు 17న, ఇక్కడికి దగ్గర్లోని డీన్ అనే పల్లెలో. సరిగ్గా వారం ముందు, నవంబరు 10న, కలకత్తాలో ఇంకో పిల్లవాడు పుట్టాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. మన బ్రౌన్ దొర. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేసిన మనిషి. కడపలో, మచిలీపట్నంలో, రాజమండ్రిలో ఉద్యోగం చేస్తూ పండితుల్ని పెట్టుకుని తాళపత్రాలు రాయించాడు. 1854లో తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకీ మిశ్రభాషకీ విడిగా ఇంకో నిఘంటువు తెచ్చాడు. డీలా, సుస్తీల్లాంటి మాటలు పండితులకి అంటరానివైన రోజుల్లో, ఇవి కూడా జనం భాషే కదా అని లెక్కలోకి తీసుకున్న పని అది. రిటైరై లండన్ వచ్చి, అక్కడి యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ప్రొఫెసర్‌గా పేరు పెట్టుకుని, 1884లో అక్కడే పోయాడు. వారం తేడాతో పుట్టిన ఇద్దరిలో ఒకడు నిటారు వీపుల కాలాన్ని రాసిపెట్టాడు, ఇంకొకడు వంగి పనిచేసే జనం మాటల్ని రాసిపెట్టాడు.

ఇదంతా మాటల సరదా అనుకోకండి. మాట ఏ గడిలో పడుతుందన్న దాన్నిబట్టి ఉద్యోగాలు పోతాయి.

సైట్లలో సేఫ్టీ అబ్జర్వేషన్ కార్డు అని ఒకటి ఉంటుంది. చాలా కార్డుల మీద రెండు గడులు కనబడతాయి. అన్‌సేఫ్ యాక్ట్, అన్‌సేఫ్ కండిషన్. అంటే మనిషి చేసిన తప్పా, ఉన్న పరిస్థితిలో లోపమా. ఈ విడదీత పాతది. అమెరికాలో ట్రావెలర్స్ ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేసిన హైన్‌రిక్ అనే ఆయన 1931లో పారిశ్రామిక ప్రమాదాల మీద పుస్తకం రాశాడు. 75,000 ప్రమాదాల ఫైళ్ళు చూసి, నూటికి 88 మనుషులు చేసిన పనుల వల్ల, 10 పరిస్థితుల వల్ల, 2 తప్పించలేనివి అని తేల్చాడు. ఆ లెక్క ప్రపంచమంతా పాకింది. నేను షార్జాలో తీసుకున్న మొదటి సేఫ్టీ క్లాసులోనూ అదే స్లైడు. తర్వాతివాళ్ళు దాన్ని గట్టిగా ప్రశ్నించారు. ఆ ఫైళ్ళు బీమా కంపెనీకి ఫ్యాక్టరీల నుంచి వచ్చిన రిపోర్టులు. రిపోర్టు రాసే ఫోర్‌మన్ తన మెషీన్‌ది తప్పని రాస్తాడా, పక్కోడిది తప్పని రాస్తాడా?

రెండేళ్ళ కింద ఒక సైట్లో ఇట్లాంటి కార్డు ఒకటి నా టేబుల్ మీదికి వచ్చింది. మన తెలుగు కుర్రాడి గురించి. ఏజెన్సీ ద్వారా వచ్చినవాడు, ఇరవై నాలుగేళ్ళు. రౌండుకొచ్చిన ఆఫీసు మనిషి ఒకరు రాశారు, పని టైములో స్లౌచ్ చేస్తూ గోడకి ఆనుకుని ఉన్నాడు, ధ్యాస లేదు, యాక్ట్ గడిలో టిక్. కింద ఏజెన్సీకి చెప్పి మార్పించమని సలహా. నేను సంతకం పెడితే సోమవారం నుంచి వాడికి పని లేదు.

నేను పోయి చూస్తే వాడు నిజంగానే అట్లాగే ఉన్నాడు. భుజాలు వేలాడేసి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని. తెలుగులోనే అడిగాను, "ఏం తమ్మీ, డీలా పడ్డవేంది?" అని. ఆ మాటతో అడిగాను కాబట్టి వాడు తప్పు కాయమన్నట్టు కాకుండా కారణం చెప్పాడు. "అన్నా, మూడు రోజుల నుంచి బ్రేకరే పట్టుకున్నా. ఈ చెయ్యి తెలవట్లే." వాణ్ణి పక్క గ్యాంగ్‌కి ఇచ్చారు. అక్కడ ఒకరు సెలవులో ఉంటే కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ మొత్తం వీడి మీదే పెట్టారు. మాములుగా చేతులు మార్చాలి. ఈ దేశంలో 2005 నాటి వైబ్రేషన్ నిబంధనలు ఉన్నాయి. ఎనిమిది గంటల సగటున 2.5 దాటితే యజమాని చర్య తీసుకోవాలి, 5 దాటనే కూడదు. ఇది సెకను వర్గానికి మీటర్లలో కొలిచే లెక్క. ఏ పనిముట్టు ఎన్ని నిమిషాలు పట్టుకున్నారో చూసి లెక్కగడతారు. ఆ గ్యాంగ్ షీటు తెప్పిస్తే వీడి పేరు మీద నిమిషాలు రాయనే లేదు.

నేను ఆ కార్డు మీద యాక్ట్ గడిని కొట్టేసి కండిషన్ గడిలో టిక్ పెట్టాను. స్లౌచ్ అన్న మాట కింద "ఫెటీగ్, హ్యాండ్ నంబ్‌నెస్, టూల్ రొటేషన్ లేదు" అని రాశాను. డీలాకి ఇంగ్లీషులో అంతకన్నా దగ్గరి మాట నాకు తట్టలేదు. మేనేజర్ పిలిచి అడిగాడు, అవతలాయన రాసింది నువ్వెట్లా మారుస్తావని. షీటు చూపించాను. వాణ్ణి రెండు వారాలు బ్రేకర్‌కి దూరంగా పెట్టాం, డాక్టరుకి చూపించుకోమన్నాం. చేతికి స్పర్శ చాలావరకు తిరిగొచ్చింది. చలి పెట్టినప్పుడు రెండు వేళ్ళు ఇప్పటికీ తెల్లబడతాయి. వాడు ఇప్పుడు వేరే ఊళ్ళో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాడు.

గల్ఫ్‌లో చేసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. ఎండలో పనిచేసేవాడు ముందు డీలా పడతాడు, మాట తగ్గుతుంది, నడక తూలుతుంది, ఆ తర్వాతే సొమ్మసిల్లుతాడు. యూఏఈలో 2005 నుంచి వేసవిలో మధ్యాహ్నం బయటి పని ఆపించే రూలు ఉంది. ఇప్పుడది జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా, పన్నెండున్నర నుంచి మూడు వరకు. ఆ పన్నెండున్నరకి ముందు గంట చాలా చెడ్డది. అప్పుడు వాలిన భుజాల్ని చూసి సుస్తీ అని అరిచే ఫోర్‌మన్, నీళ్ళ డబ్బా తెచ్చే ఫోర్‌మన్ ఇద్దర్నీ చూశాను నేను.

వాలిన ఒంటిని తప్పుగా కాకుండా పరిస్థితిగా చూసిన చట్టాలు కొన్ని ఉన్నాయి, చెప్పి ఆపేస్తాను. ఈ దేశంలోనే 1899లో ఒక చట్టం వచ్చింది, దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళకి ముగ్గురికి ఒక సీటు చొప్పున పెట్టాలని. గిరాకీ ముందు కూర్చోవడం, ఆనుకోవడం మర్యాద కాదనే రోజుల్లో అది పెద్ద సంగతే. మన దిక్కు అట్లాంటిది రావడానికి ఇంకో వందేళ్ళకు పైనే పట్టింది. బట్టల షాపుల్లో రోజంతా నిలబడే అమ్మాయిలు పోరాడితే కేరళలో 2018లో కూర్చునే హక్కుని చట్టంలో చేర్చారు. తమిళనాడులో 2021లో చేర్చారు. చెన్నై టీ.నగర్‌కి పెళ్ళి చీరలకి పోయే మనవాళ్ళు ఈ బ్లాగ్ చదివేవాళ్ళలో చాలామందే ఉంటారు. ఈసారి పోయినప్పుడు కౌంటరు వెనక స్టూలు ఉందా, ఉంటే దాని మీద ఎవరైనా కూర్చున్నారా అన్నది చూసి కింద కామెంట్లో రాయండి. అట్లాగే మీ ఊళ్ళో జారగిలబడటానికి వేరే మాట ఏదైనా ఉంటే, ఊరి పేరుతో సహా పంపండి. లీడ్స్ నుంచి అడిగిన ఆమెకి వచ్చే ఎపిసోడ్‌లో చదివి వినిపిస్తాం.